సూర్యుడి గాలి, ఊదేదెవరు?

సౌర పవనం అనే మాటతో నాకు చిన్న పేచీ ఉంది. పవనం అనగానే మలయ పవనం, దాని వెనకే గంధం చెట్లు, వెన్నెల, విరహం వరసగా వచ్చి కూర్చుంటాయి. మనం మాట్లాడుతున్నదేమో సెకనుకి 400 కిలోమీటర్ల వేగంతో, ఒక్కోసారి 700, 800తో భూమిని దాటిపోయే ప్రోటాన్ల గురించీ ఎలక్ట్రాన్ల గురించీ. ఘన సెంటీమీటరుకి అయిదో పదో ప్రోటాన్లుంటాయి, అంతే. దానికి అడ్డంగా చెయ్యి చాపి నిలబడగలిగినా ఏమీ తగలదు. పాఠ్యపుస్తకం కోసం ఈ మాట తయారుచేసినవాళ్ళకి వేరే దారి లేదనుకోండి. ఇంగ్లీషులోనూ అది గాలే.

అయితే ఆ ఇంగ్లీషు మాట వెనక ఒక పట్టుదల ఉంది. 1958కి ముందు ఈ విషయం తెలిసినవాళ్ళు దీన్ని కణాల వికిరణం అనేవాళ్ళు. అంటే సూర్యుడు అప్పుడప్పుడూ గుప్పెడు కణాలు విసిరేస్తాడు, అవి బుల్లెట్లలా దేనికది వచ్చి తగుల్తాయి అని. షికాగోలో యూజీన్ పార్కర్ అనే 31 ఏళ్ళ మనిషి కాదన్నాడు. ఇది గుప్పెళ్ళతో విసరడం కాదు, ఎడతెరిపి లేని ప్రవాహం, కాబట్టి దీనికి ద్రవాల లెక్కలే వాడాలి, కాబట్టి దీన్ని గాలి అనే అనాలి అన్నాడు. అంటే ఆ పేరు ఉపమానం కాదు, వాదన. మాట మీద పేచీ పెట్టుకునే నాలాంటివాడికి ఇది తెలిశాక కొంచెం నోరు తగ్గింది.

పార్కర్ దగ్గర అప్పటికి రెండు ముక్కలున్నాయి. ఒకటి తోకచుక్కల తోకలు. తోకచుక్క ఎటు పోతున్నా దాని అయాన్ తోక మాత్రం సూర్యుడికి వ్యతిరేక దిక్కునే ఉంటుంది. వెలుగు తాకిడి ఒక్కటే దాన్ని అంత గట్టిగా తొయ్యలేదని, సూర్యుడి నుంచి కణాలు ఎప్పుడూ వస్తూనే ఉండాలని జర్మనీలో లుడ్విగ్ బియర్మన్ 1951లో లెక్క కట్టాడు. రెండోది సిడ్నీ చాప్‌మన్ మాట. సూర్యుడి చుట్టూ ఉండే కరోనా పది లక్షల డిగ్రీల వేడిలో ఉంది, అంత వేడి వాయువు వేడిని దూరదూరాలకి మోసుకుపోతుంది, కాబట్టి కరోనా భూమిని కూడా దాటి విస్తరించి, కదలకుండా నిలబడి ఉండాలి అని ఆయన లెక్క. ఒకరేమో వస్తోంది అంటారు, ఇంకొకరేమో నిలబడి ఉంది అంటారు. రెండూ ఒకే చోట ఎలా ఉంటాయి?

పార్కర్ చేసిన పని ఆశ్చర్యపోయేంత చిన్నది. చాప్‌మన్ చెప్పినట్టు కరోనా నిలబడి ఉంటే, దూరం పోయేకొద్దీ దాని పీడనం ఎంతకి దిగాలో లెక్క వేశాడు. అనంత దూరంలో కూడా అది సున్నాకి దగ్గరగా రావడం లేదు. నక్షత్రాల మధ్య ఉండే పల్చటి వాయువు ఆ పీడనాన్ని ఆపలేదు. అంటే గిన్నెకి మూత లేదు. మూత లేనప్పుడు లోపలున్నది ఊరికే ఉండదు, బయటికి పోతుంది. మొదట మెల్లగా, పోనుపోను ధ్వని కన్నా వేగంగా.

నేను చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. మా తరంలో ఇది వింతేమీ కాదు, మా బ్యాచ్‌లో సగం మంది కథ ఇదే. ఆ నాలుగేళ్ళలో నాకు నిజంగా ఇష్టమైన పాఠం ఒకటే, డీ లావల్ నాజిల్. గొట్టం మొదట సన్నబడి, తర్వాత వెడల్పవుతుంది. మెల్లగా వచ్చే వాయువు సన్నబడే దగ్గర వేగం పుంజుకుంటుంది, గొంతు దగ్గర సరిగ్గా ధ్వని వేగాన్ని అందుకుంటుంది. ఆ తర్వాత గొట్టం వెడల్పయ్యేకొద్దీ వేగం తగ్గాలి కదా అనుకుంటాం. పెరుగుతుంది. రాకెట్ల వెనక గంటలాంటి భాగం ఉండేది అందుకే. సూర్యుడికి గొట్టమూ లేదు, గొంతూ లేదు. పార్కర్ సమీకరణాల్లో ఆ గొంతు పని చేసేది గురుత్వాకర్షణ. దగ్గర్లో అది వాయువుని బిగించి పట్టుకుంటుంది. సూర్యుడి వ్యాసార్ధానికి అయిదారు రెట్ల దూరం వెళ్ళేసరికి పట్టు సడలుతుంది. అక్కడే వాయువు ధ్వని వేగాన్ని దాటేస్తుంది. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు ఆఫీసులో బిల్డ్ ఫెయిలై అందరూ నన్ను వెతుకుతున్నారు. నేను పాంట్రీలో కూర్చుని పేపర్ నాప్కిన్ మీద ఆ వక్రరేఖలు గీసుకుంటున్నాను.

పార్కర్ ఈ వ్యాసాన్ని ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌కి పంపితే, పరిశీలకులిద్దరూ వద్దన్నారు. రాసేముందు లైబ్రరీకి వెళ్ళి ఈ విషయం గురించి నాలుగు ముక్కలు చదువుకోమని అందులో ఒకరు సలహా ఇచ్చారని పార్కర్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. అప్పుడు ఆ పత్రిక సంపాదకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. మద్రాసులో పెరిగిన మన చంద్రశేఖరే. ఆయనకీ ఈ ఊహ నచ్చలేదు. కానీ పరిశీలకులు తిట్టారే తప్ప లెక్కలో తప్పు చూపలేదని గమనించాడు. తనూ చూశాడు, తనకీ తప్పు దొరకలేదు. వేసేశాడు.

పుస్తకాల మీద అప్పుడప్పుడూ రాసేవాడిగా నాకు ఈ ఉదంతంలో పార్కర్ కన్నా చంద్రశేఖరే ఎక్కువ ఆసక్తి. 1935లో లండన్‌లో ఎడింగ్టన్ తన లెక్కని నిండు సభలో ఎగతాళి చేసినప్పుడు ఈయన వయసు ఇరవైనాలుగు. ఆ దెబ్బ తిన్న మనిషి ఇంకొకరి లెక్క మీద కుర్చీ వేసుకుని కూర్చున్నప్పుడు ఏం చేస్తాడు అన్నది చూడాలనిపిస్తుంది. దెబ్బ తిన్నవాళ్ళందరూ ఉదారంగా మారరు. కొందరు ఆ దెబ్బనే వారసత్వంగా పంచుతారు, మన సాహిత్య సభల్లో దీనికి ఉదాహరణలు నేను ఇవ్వక్కర్లేదు. నచ్చలేదు అన్నదానికీ తప్పు అన్నదానికీ మధ్య గీత గీసి, ఆ గీతకి అవతల నిలబడి సంతకం పెట్టడం కష్టమైన పని.

గొడవ అంతటితో ఆగలేదు. జోసెఫ్ చాంబర్లెయిన్ అనే ఆయన, గాలీ లేదు గీలీ లేదు, ఉంటే గింటే సెకనుకి పాతిక కిలోమీటర్లు కూడా దాటని పిల్లగాలి అన్నాడు. అదే సమీకరణానికి అలాంటి జవాబు కూడా ఉంది మరి. గాలా పిల్లగాలా అన్నది కాగితం మీద తేలలేదు. 1962లో శుక్రుడి వైపు బయల్దేరిన మారినర్-2 తేల్చింది. దారి పొడుగునా నెలల తరబడి, ఒక్క రోజు కూడా ఆగకుండా, సెకనుకి వందల కిలోమీటర్ల వేగంతో గాలి.

ఇక్కడికి పార్కర్ గెలిచాడు. మామూలు వ్యాసాలు ఇక్కడ ఆగిపోతాయి. నాకు మాత్రం ఆ 1958 లెక్కలో ఒక చిన్న మాట దగ్గర కాలు ఇరుక్కుపోయింది. కరోనా ఉష్ణోగ్రత కొంత దూరం వరకూ తగ్గకుండా ఉంటుందనుకుందాం అంటాడు పార్కర్. వ్యాకోచించే వాయువు చల్లబడాలి, అది ఎనిమిదో తరగతి సంగతి. చల్లబడకుండా ఉందంటే ఎవరో దారి పొడుగునా వేడి అందిస్తున్నారని అర్థం. ఎవరు, ఎలా అన్నది ఆ 'అనుకుందాం'లో దాక్కుంది. పార్కర్‌కి ఇది తెలుసు, ఆయన దాచలేదు కూడా.

లెక్క రూపాయల్లో చెప్తాను. ఒక ఎలక్ట్రాన్ వోల్టు అంటే ఒక రూపాయి అనుకోండి. సూర్యుడి ఉపరితలం దగ్గర్నుంచి ఒక ప్రోటాన్ పూర్తిగా తప్పించుకుపోవాలంటే సెకనుకి 618 కిలోమీటర్ల వేగం కావాలి. ఆ టికెట్టు ఖరీదు రెండువేల రూపాయలు. పది లక్షల డిగ్రీల కరోనాలో ఉన్న ప్రోటాన్ జేబులో ఎంతుంటుంది? దాని వెంట ఉండే ఎలక్ట్రాన్ వాటా, వెనకనుంచి తోసే వాయువు చేసే పని, అన్నీ కలిపినా దాదాపు 430 రూపాయలు. టికెట్టుకే చాలదు. అయినా ఆ ప్రోటానే సెకనుకి 750 కిలోమీటర్ల వేగంతో భూమి దగ్గర కనిపిస్తుంది. అంటే టికెట్టు కొనుక్కున్నాక కూడా దాని దగ్గర 2,900 రూపాయల చిల్లర మిగిలే ఉంది. మొత్తం మీద నాలుగున్నర వేలు దారిలో ఎవరో ఇచ్చారు.

ఇంకో చిక్కు. కరోనాలో అంతటా వేడి ఒకేలా ఉండదు. చీకటి మచ్చల్లా కనిపించే కొన్ని చోట్లని కరోనా రంధ్రాలంటారు, అక్కడ వేడి తక్కువ. గాలి వేడి వల్లే వీస్తుంటే అక్కడ మెల్లగా వీయాలి. 1990లో బయల్దేరి సూర్యుడి ధృవాల మీదుగా తిరిగిన యులిసిస్ నౌక చూసిందేమిటంటే, ఆ చల్లటి రంధ్రాల నుంచే అన్నిటికన్నా వేగమైన గాలి వస్తోంది. ఉత్త వేడితో ఈ లెక్క తేలదని అక్కడే తెలిసిపోతుంది.

డబ్బు లేక కాదు సుమా. సూర్యుడు వెలుగు రూపంలో ఖర్చు పెడుతున్నది పది లక్షలైతే ఈ గాలికి అయ్యే ఖర్చు సుమారు ఒక రూపాయి. ఆ ఒక్క రూపాయి చేరవెయ్యడమే సమస్య. కరోనా గాజులాంటిది, వెలుగు దానికేమీ ఇవ్వకుండా నేరుగా దాటిపోతుంది. ఇక మామూలు వేడి వెళ్ళలేదు. కిందున్న ఉపరితలం 5,500 డిగ్రీలు, పైనున్నది పది లక్షలు. చల్లటి పొయ్యి మీద గిన్నె మరగదు. గిన్నెని గీకితే మరగొచ్చు. అరచేతులు రుద్దుకుంటే వేడెక్కుతాయి కదా, చేతుల కన్నా వేడిగా ఉన్నదేదీ వాటికి తగలక్కర్లేదు. వేడి వేడిగా ప్రయాణించలేనప్పుడు పనిగా మారి ప్రయాణిస్తుంది. ఇది పట్టుకున్నాక మిగిలిన అరవై ఏళ్ళ పరిశోధన అంతా ఒకటే ప్రశ్న: ఎవరు గీకుతున్నారు?

మా అమ్మ ఈ ప్రశ్నకి వేరే దారిలో వచ్చింది.

1980 ఫిబ్రవరి 16, శనివారం, సంపూర్ణ సూర్యగ్రహణం కర్ణాటక తీరం దగ్గర దేశంలోకి వచ్చి, మన పాలమూరు, నల్లగొండల మీదుగా ఒరిస్సా వైపు వెళ్ళింది. హైదరాబాదుకి దగ్గర్లో ఉస్మానియా వాళ్ళ జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు టెలిస్కోపులు పెట్టుకుని కూర్చున్నారు. అక్కడికి యాభై అరవై కిలోమీటర్ల దూరంలో, నల్లగొండ దగ్గరి పల్లెలో, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మ తలుపులు వేసిన ఇంట్లో కూర్చుంది. కిటికీలకి గోనెసంచులు కుక్కారు. పచ్చడి జాడీల మీద దర్భలు. "చీకటి గాదు బిడ్డా, బూడిద రంగు" అంటుంది తలుపు సందులోంచి నేల మీద పడ్డ వెలుగు గురించి. కోళ్ళు గూట్లోకి పోయిన చప్పుడు విన్నదట. రెండు నిమిషాల పైన తన నెత్తి మీద కరోనా వెలుగుతూ ఉంది, తను చూడలేదు.

2024 ఏప్రిల్ 8న మళ్ళీ ఆమె నెత్తి మీదికి వచ్చింది, ఈసారి డాలస్‌లో. మా ఆవిడకి ఏడో నెల. అమ్మ పురిటికి సాయంగా వచ్చింది. గ్రహణానికి మూడు రోజుల ముందునుంచే ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మా ఆవిడ బయటికి వస్తానంది. అమ్మ ఒద్దంది. నేను ఇద్దరికీ మధ్య నాసా మ్యాపులు చూపిస్తూ తిరిగాను, వాటి వల్ల ఎవరికీ ఏ ఉపయోగం లేకపోయింది. గర్భిణికి గ్రహణం వల్ల ఏమీ కాదని చెప్పడం తేలిక. నలభై నాలుగేళ్ళుగా ఒక మనిషి ఎముకల్లో ఉన్న భయానికి చెప్పడం తేలిక కాదు. ఆ రోజు పొద్దున్న అమ్మే తెగ్గొట్టింది. "పోతనంటే పో. నేను గూడ వస్త. నీ పక్కన నిలవడ్త." ప్రమాదం ఉందని నమ్ముతూనే, కోడల్ని ఒంటరిగా దాని ముందు నిలబెట్టలేక బయటికొచ్చింది. ధైర్యం అనే మాటకి నా దగ్గర ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు, నాది హేతువాదం అని చెప్పుకునే ధైర్యం కూడా దీని ముందు చిన్నదే.

పొద్దున్నుంచీ మబ్బు. ఒంటిగంట దాటాక పల్చబడింది. ఒంటిగంటా నలభైకి చంద్రుడు పూర్తిగా మూసేశాక కళ్ళద్దాలు తియ్యొచ్చని చెప్పాను. అమ్మ తియ్యలేదు, మా ఆవిడ చెయ్యి పట్టుకుని అలాగే నిలబడింది. కళ్ళద్దాల్లోంచి ఆ వేళ ఏమీ కనిపించదు, కటిక చీకటే. మా ఆవిడే మెల్లగా అమ్మ కళ్ళద్దాలు తీసింది. నల్లటి బిళ్ళ, చుట్టూ అన్ని వైపులకీ తెల్లగా చెదిరిన వెలుగు, కింది అంచున ఎర్రటి చుక్క.

"గా తెల్లటి ఎంటికలేంది?"

కరోనా అన్నాను. "గా రోగం పేరు సూర్యునికెందుకు పెట్టిన్రు?" అంది. సూర్యుడిదే రోగానికి పెట్టారని చెప్పేలోపు వెలుగు తిరిగొచ్చేసింది. మూడు నిమిషాల చిల్లర, అంతే.

రాత్రి అన్నాల దగ్గర చెప్పాను. అది ఊరికే ఉండదమ్మా, అక్కడ్నుంచే గాలిలా బయల్దేరి మన దాకా వస్తుంది అని. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "గాలంటే ఎవరన్న ఊదాలె గద. సూర్యుని దగ్గర ఊదేదెవరు?" అంది. చాంబర్లెయిన్ అడిగిన దాని కన్నా ఇది మంచి ప్రశ్న.

ఇంకో మాట కూడా చెప్పాలి. సూర్యుడి అలజడి పదకొండేళ్ళకోసారి పెరిగి తగ్గుతుంది. అలజడి ఎక్కువున్నప్పుడు కరోనా అన్ని వైపులకీ జుట్టు విరబోసుకున్నట్టు ఉంటుంది, తగ్గినప్పుడు నడుము దగ్గర మాత్రమే రెండు పాయలుగా సాగుతుంది. 1980 అలజడి కాలం. 2024 కూడా. నలభై నాలుగంటే సరిగ్గా నాలుగు పదకొండ్లు. తొమ్మిదో తరగతిలో చూడని ఆ జుట్టుకీ, యాభై ఎనిమిదో ఏట చూసిన దీనికీ పెద్ద తేడా ఉండి ఉండదు.

ఎంటికలు అని అమ్మ అన్న మాట వదలకుండా చెప్తాను, ఎందుకంటే అది నేను చదివిన చాలా ఉపమానాల కన్నా పనికొస్తుంది. కరోనాలో మనకి పాయలుగా కనిపించేది వాయువు, కానీ దాన్ని అలా దువ్వి పెట్టింది అయస్కాంత బలరేఖలు. ఆ వెంట్రుకల కుదుళ్ళు ఉపరితలంలో ఉంటాయి. ఉపరితలమేమో ఉడికే అన్నం లాంటిది. వెయ్యేసి కిలోమీటర్ల వెడల్పుండే బుడగలు కిందనుంచి పొంగి, కొన్ని నిమిషాలు ఉండి, పక్కలకి దిగిపోతాయి. కుదుళ్ళని అవి క్షణం తెరిపివ్వకుండా అటూ ఇటూ జరుపుతూనే ఉంటాయి. కింద జరిగే ఈ పని పైకి ఎలా చేరుతుందన్న దగ్గర రెండు బడులున్నాయి.

మొదటి బడి వాళ్ళు అలలంటారు. కుదుళ్ళు కదిలితే ఆ కుదుపు తాడు వెంబడి అలలా పైకి పోతుంది. ఇలాంటి అలలుండాలని స్వీడన్‌లో హానెస్ ఆల్ఫ్వెన్ 1942లో చెప్పాడు, వాటికి ఆయన పేరే పెట్టారు. చెర్నాకోల ఝళిపించడం చూసుంటారు. మొదట్లో చేతి కదలిక చిన్నదే, కొస సన్నబడేకొద్దీ ఊపు పెరిగి చివర చెళ్ళుమంటుంది. ఇక్కడ పైకి పోయేకొద్దీ వాయువు పల్చబడుతుంది, అలల ఊపు పెరుగుతుంది. కొన్ని అలలు దారిలో వెనక్కి తిరిగి, ఎదురొచ్చే వాటిని ఢీకొని, చిన్న చిన్న సుడులుగా ముక్కలై చివరికి వేడిగా మారతాయి. మిగిలినవి వాయువుని నేరుగా ముందుకి తోస్తాయి. 2007లో హినోడే అనే జపాన్ నౌక ఉపరితలం మీది సన్నటి వాయు ధారలు ఇలా ఊగుతుండటాన్ని చూసింది. గాలిని తొయ్యడానికి సరిపోయేంత ఊపు ఉంది.

రెండో బడి వాళ్ళు చిక్కులంటారు. ఇది కూడా పార్కర్ బడే. కుదుళ్ళు తిరుగుతుంటే వెంట్రుకలు ఒకదాని చుట్టూ ఒకటి మెలిపడి జడలా అల్లుకుంటాయి. అల్లిక బిగుసుకుని బిగుసుకుని ఎక్కడో తెగి, వేరేలా అతుక్కుంటుంది. తెగినప్పుడల్లా ఒక చిన్న పేలుడు. పెద్ద సౌర జ్వాలలో వంద కోట్లో వంతు ఉండే ఇలాంటి పేలుళ్ళు లెక్కలేనన్ని జరుగుతూ కరోనాని వేడి చేస్తుండాలని పార్కర్ 1988లో రాశాడు. నానోఫ్లేర్ అనే పేరు ఆయనదే. గాలి అని పేరు పెట్టిన ముప్పై ఏళ్ళకి, ఆ 'అనుకుందాం'ని తీర్చడానికి తనే మళ్ళీ కూర్చున్నాడన్నమాట.

తేల్చాలంటే అక్కడికి వెళ్ళాలి. 2018 ఆగస్టు 12న పార్కర్ సోలార్ ప్రోబ్ బయల్దేరింది. బతికున్న మనిషి పేరు నాసా ఒక నౌకకి పెట్టడం అదే మొదటిసారి. 91 ఏళ్ళ పార్కర్ ఫ్లోరిడాలో నిలబడి చూశాడు, 2022 మార్చిలో పోయాడు. ఈలోపు, 2021 ఏప్రిల్ 28న, ఆ నౌక సూర్యుడికి 18.8 వ్యాసార్ధాల దూరంలో ఒక సరిహద్దు దాటింది. ఆ సరిహద్దు లోపల ఆల్ఫ్వెన్ అలలు వెనక్కి సూర్యుడి దాకా రాగలవు. బయట గాలి అలల కన్నా వేగంగా పోతుంటుంది, కాబట్టి అక్కడ ఏం జరిగినా ఆ కబురు వెనక్కి చేరదు. డాలస్‌లో కూర్చుని ఇది రాస్తున్నవాడు ఈ వాక్యం మీద ఇంకేదైనా రాస్తాడని మీరనుకుంటే, రాయడు.

లోపల కనిపించిన వాటిలో నాకు నచ్చింది స్విచ్‌బ్యాకులు. బలరేఖ బయటికి పోతూ పోతూ ఉన్నట్టుండి ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వెనక్కి మడుచుకుని, మళ్ళీ సర్దుకుంటుంది. ఆ మడతలో గాలి కూడా ఒక్కసారి విసురుగా ముందుకి దూకుతుంది. మొదటి ప్రదక్షిణ నుంచే ఇవి గుంపులు గుంపులుగా కనిపించాయి. 2023లో స్టువర్ట్ బేల్ బృందం ఈ గుంపుల్ని వెనక్కి పట్టుకుపోయి, కరోనా రంధ్రాల అడుగున, తెరుచుకున్న బలరేఖలూ మూసుకున్న ఉచ్చులూ తగులుకుని తెగి అతుక్కునే చోట్లకి చేర్చింది. చిక్కుల బడికి ఒక మార్కు.

అలల బడి మార్కు 2022 ఫిబ్రవరిలో తీసిన కొలతల నుంచి వచ్చింది, వ్యాసం 2024లో అచ్చయింది. పార్కర్ నౌక సూర్యుడికి 13 వ్యాసార్ధాల దగ్గర ఉండగా దాటిన గాలి పాయే, ఒకటి రెండు రోజుల తర్వాత, బుధ శుక్ర కక్ష్యల మధ్య ఉన్న సోలార్ ఆర్బిటర్‌ని కూడా దాటింది. అంటే ఒకే నీటిని ఎగువన ఒకసారి, దిగువన ఒకసారి కొలిచినట్టు. ఎగువన పెద్ద పెద్ద అలలున్నాయి. దిగువకి వచ్చేసరికి దాదాపు లేవు. గాలి మాత్రం వేగం పెరిగింది, చల్లబడాల్సినంత చల్లబడలేదు. అలలు పోగొట్టుకున్నదెంతో గాలికి అందిందీ సరిగ్గా అంతే. యెయిమీ రివేరా, శామ్యూల్ బాడ్‌మన్ల బృందం ఈ ఖాతా సరిచూసింది. నాలాంటి ఉద్యోగం చేసేవాళ్ళకి ఈ ఆనందం ఎలాంటిదో తెలుసు, రెండు సర్వర్ల లాగులు పైసాతో సహా కలిసినట్టు.

మరి రెండు బడుల్లో ఎవరు నెగ్గారు? నా మటుకు నాకు ఇది ఒక్క బడే అవుతోందనిపిస్తోంది. అడుగున చిక్కులు తెగినప్పుడు పుట్టే కుదుపే పైకి అలగా, మడతగా పోయి, దారిలో కొంచెం కొంచెంగా ఖర్చయితే ఇద్దరి కొలతలూ నిలబడతాయి. మెల్లటి గాలి సంగతి మాత్రం ఇంకా గజిబిజిగానే ఉంది. అది ఒకే చోటి నుంచి రాదు, దాని కూర్పు కూడా వేరు. 2024 డిసెంబరు 24న పార్కర్ నౌక సూర్యుడి ఉపరితలానికి 61 లక్షల కిలోమీటర్ల దగ్గరికి వెళ్ళింది, గంటకి ఆరు లక్షల తొంభై వేల కిలోమీటర్ల వేగంతో. మనిషి చేసిన ఏ వస్తువూ అంత దగ్గరికి పోలేదు, అంత వేగంగానూ పోలేదు.

నన్ను ఇప్పుడు ఎక్కువగా లాగుతున్నది హీలియం. 1868 ఆగస్టు 18 గ్రహణానికి జాన్సెన్ అనే ఫ్రెంచివాడు గుంటూరు వచ్చాడు, మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. ఆ గ్రహణపు వర్ణపటంలో సోడియంతో సరిగ్గా సరిపోని పసుప్పచ్చ గీత ఒకటి కనిపించింది, అదే చివరికి హీలియం అని తేలింది. భూమి మీద అది దొరకడానికి 1895 దాకా ఆగాల్సొచ్చింది. సౌర పవనంలో కొన్ని శాతం ఈ హీలియమే. ప్రోటాన్ కన్నా నాలుగు రెట్లు బరువు, అంటే నా రూపాయల లెక్కలో టికెట్టు ఎనిమిదివేలు. వేడి మాత్రమే తోస్తుంటే ఇది వెనకబడాలి. వేగమైన గాలిలో ఇది ప్రోటాన్ల కన్నా ముందు పరిగెడుతుంది. సూర్యుడికి దగ్గర్లో ఆక్సిజన్ అయాన్లయితే పది కోట్ల డిగ్రీలు దాటాయని సోహో నౌక చూపించింది. బరువైనవాటికే ఎక్కువ ఇస్తున్నారు. కణం తిరిగే లయకీ అల ఊగే లయకీ పొంతన కుదిరినప్పుడు అల దానికి ఎక్కువ ఇస్తుందని ఒక వివరణ, సుడుల్లో గజిబిజిగా ఊగి వేడెక్కుతాయని ఇంకొకటి.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆదిత్య-ఎల్1, తర్వాతి జనవరి 6 నుంచి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో నిలబడి ఈ గాలినే కొలుస్తోంది. దాని మీద అహ్మదాబాదు వాళ్ళు చేసిన ఆస్పెక్స్ అనే పరికరం ప్రోటాన్లనీ హీలియం కేంద్రకాలనీ విడివిడిగా లెక్కపెడుతుంది. ఇది అమ్మకి ఫోన్లో చెప్తే, "గుంటూరుల దొరికినదాన్ని శ్రీహరికోట నుంచి లెక్కవెడ్తున్నరా?" అంది. అవునన్నాను. "మరి ఊదేటోడు దొరికిండా?" అని, జవాబు వినకుండానే పాప నిద్ర లేచిందా అని అడిగింది.